కొండ అన్న మాట దగ్గర

"కొండ" అన్న మాట దగ్గర ఆవిడ ఆగిపోయింది.

డిసెంబరు నెల. తెల్లవారుజామున ఐదు దాటింది. డుంబ్రిగూడ మండలంలో ఒక గూడెం. బయట మంచులో ఎదురింటి చూరు కూడా కనిపించడం లేదు. లోపల పొయ్యి చుట్టూ పన్నెండు మంది దాకా ఉన్నారు. రగ్గులు కప్పుకున్న ముసలివాళ్ళు, ఒళ్ళో పిల్లల్ని పడుకోబెట్టుకున్న తల్లులు, ఇటునుంచి ఇటే కాఫీ పళ్ళు కోయడానికి వెళ్ళిపోవాలని బుట్టలతో సహా వచ్చిన ఇద్దరు అమ్మాయిలు. ఆవిడ ఒళ్ళో తెలుగు బైబిలు. ఆ రోజు వంతు 121వ కీర్తన. కొండల వైపు కళ్ళెత్తి, నాకు సాయం ఎక్కణ్ణించి వస్తుందని ఒక భక్తుడు అడుగుతాడే, ఆ కీర్తన. మొదటి వచనం తెలుగులో చదివింది. తర్వాత అదే తన బాసలో చెబుతూ కొండ దగ్గరికొచ్చేసరికి "డొంగర్" అని, ఆ మాట తనకే నచ్చనట్టు ఆగింది.

"ఏ డొంగర్?" అన్నాడు గోడకి చేరబడి కూర్చున్న ముసలాయన.

ఆ ఒక్క ప్రశ్నతో అరగంట గడిచింది. ఎనిమిది వచనాల కీర్తనలో రెండో వచనానికి వెళ్ళేసరికి పొయ్యి మీద నీళ్ళు మరిగిపోయాయి. ప్రార్థన అంటే కళ్ళు మూసుకోవడం, చేతులు ఎత్తడం, మైకులో అరుపులు అనుకునే నాకు అది ప్రార్థనో పంచాయితీయో తెలియలేదు. రెండూనేమో.

నిజానికి నన్ను పంపింది ఇందుకు కాదు. "డిసెంబరు సంచికకి అరకు మందిరాల మీద ఒకటి రాయండి, ఫొటోలు బాగుండాలి" అన్నారు సంపాదకులు. విశాఖలో కిరండూల్ పాసింజరు ఎక్కాను. సొరంగం వచ్చినప్పుడల్లా కేకలు పెట్టిన పర్యాటకుల్లో సగంమంది బొర్రా గుహల దగ్గర దిగిపోయారు. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న సిమిలిగూడ దాటాక అరకులో మిగతా సగంమందీ నేనూ దిగాం. చెప్పినట్టే నాలుగు మందిరాలు చూశాను, ఫొటోలు తీశాను. అవి ఎక్కడైనా ఉండే మందిరాలే. అవే రేకులు, అవే రంగు కాగితాలు, అవే కీబోర్డులు. ఏజెన్సీలో చాలా ఏళ్ళు బడిపంతులుగా పనిచేసిన మిత్రుడొకడు ఫోనులో నా నసుగుడు విని, "మందిరాలు వదిలెయ్. తిప్పే అమ్మ దగ్గర ఒక రాత్రి పడుకో" అన్నాడు. ఊరి పేరు రాయొద్దని ఆవిడే కోరింది. పేపర్లో పడితే, ఎవరు ఎప్పుడు మతం మారారో లెక్కలు అడుగుతూ ఎవరో ఒకరు కొండెక్కి వస్తారట. ఇలా అడిగేవాళ్ళని రెండు వైపుల నుంచీ చూసిందావిడ.

"తిప్పడం" ఆవిడ మాటే. తెలుగు వచనాన్ని తమ బాసలోకి తిప్పడం. ఆ బాస ఆదివాసీ ఒరియా. కొటియాలు, వాల్మీకులు, గదబలు, కొండదొరలు, ఎవరి ఇంటి బాస ఏదైనా, ఈ లోయలో సంతకొచ్చి బేరమాడేది, వియ్యమందేది, తిట్టుకునేది చాలావరకు ఇందులోనే. తెలుగు బడిలోనూ ఆఫీసులోనూ వినపడేది. మందిరానికీ అదే వచ్చింది.

ముందు రాత్రి ఆవిడ చేతులు చూస్తూ కూర్చున్నాను. పగలంతా కాఫీ పళ్ళు కోసిన వేళ్ళు. గోళ్ళ చుట్టూ పండు రసం నల్లగా ఎండిపోయి ఉంది. బైబిలు అట్టకి ఎవరో నాయకుడి ఫ్లెక్సీ ముక్క తొడిగింది. వెనక అట్ట మీద ఆయన చెవి, సగం మీసం నవ్వుతూ ఉంటాయి. కాగితాల అంచులు పొయ్యి పొగకి పసుపు తిరిగాయి. పుటకి గుర్తుగా ఎండిన అడ్డాకు. గోడకి తేదీకొక వచనం ఉన్న క్యాలెండరు, దాని పక్కనే ఏడాదిలో బైబిలంతా ఎలా ముగించాలో చెప్పే పట్టిక. ఆవిడ పట్టిక ప్రకారం పోదు. "ఏడాదిలో అవ్వగొట్టీడానికి ఇది కోతలా బాబూ?" అంది.

మర్నాటి భాగం ముందు రాత్రే చదువుకుంటుంది. పెదాలు కదుపుతూ, వేలు వరస కింద నడుపుతూ. తెలియని మాట దగ్గర వేలు ఆగుతుంది. మళ్ళీ వెనక్కి వస్తుంది. ఎడ్లు చాలు చివర తిరిగినట్టు తిరుగుతుంది. తెలుగు బైబిలు భాష మైదానంలో పుట్టిన మనకే గొంతు దిగదు. క్రియలన్నీ తాతల నాటి గ్రాంథికం. ఆవిడ రెండు మెట్లు దిగాలి. గ్రాంథికం నుంచి సంత తెలుగుకి, అక్కణ్ణించి ఇంటి బాసకి. ఐదో తరగతి చదివిన మనిషి. ఏ మాట ఎలా తిప్పిందో ఎక్కడా రాసిపెట్టుకోలేదు.

"రాసుకుంటే మంచిది కదమ్మా?"

"రాసీసుకుంటే రేపు దాన్నే సదివీస్తాను. మళ్ళీ నమలను."

ఈ మాట నాకు ఎక్కడో విన్నట్టు తోచింది. తిరిగొచ్చాక గుర్తొచ్చింది. ప్రాచీన కాలంలో యూదుల ప్రార్థనా మందిరాల్లో హీబ్రూ గ్రంథం చదివేవాడు ఒకడు, పక్కన నిలబడి జనం మాట్లాడే అరమాయికులో చెప్పేవాడు ఇంకొకడు ఉండేవాళ్ళు. రెండోవాణ్ణి మెతుర్గెమాన్ అనేవారు. ధర్మశాస్త్రమైతే ఒక్కొక్క వచనమే చదివి ఆగాలని, చెప్పేవాడు రాసుకొచ్చిన కాగితం చూడకూడదని నియమం. చదివింది గ్రంథమనీ, చెప్పింది దాని అర్థమనీ జనానికి తేడా తెలియాలి. ఈ ఆచారానికి మూలం నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయంలో ఉందంటారు. ఎజ్రా ధర్మశాస్త్రం చదువుతుంటే లేవీయులు జనం మధ్య తిరుగుతూ అర్థం చెప్పిన ఘట్టం. మెతుర్గెమాన్ అన్న పేరు ఆవిడ విని ఉండదు. నెహెమ్యా మాత్రం తెలుసు. "అర్థమయ్యేకే గదా ఆళ్ళు ఏడ్చారు. అర్థం కాకపోతే ఎందుకేడుస్తారు?" అంది.

ఆవిడ తిప్పిన మాటల్లో కొన్ని నా నోటు పుస్తకంలో ఉన్నాయి. రొట్టె అన్నచోట 'మండియా పేజ్' అంటుంది. మండియా అంటే చోళ్ళు, పేజ్ అంటే అంబలి. రొట్టె పండగనాడు తినే వస్తువు, పేజ్ రోజూ కడుపు నింపేది. ప్రభువు నేర్పిన ప్రార్థనలో రోజుకి రోజు అడుక్కునేది ఏమిటో పొలానికి అంబలి మోసుకుపోయే వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. దేవుడు వాళ్ళకి 'మాప్రు'. మహాప్రభువు అన్న మాట కొండెక్కి, అరిగి, ఇంటి మనిషైపోయింది. మేక 'చెలి'. తప్పిపోయిన దాన్ని వెతుక్కుంటూ కాపరి కొండంతా తిరిగిన కథలో గొర్రెని ఆవిడ మేకని చేసేసింది. "చెలి తప్పిపోయింది" అని నా చెవిన పడ్డప్పుడు నేను ఏదో సినిమా పాట అనుకున్నానని చెబితే పొయ్యి చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు.

అన్నిటిలోకీ పెద్ద గొడవ ద్రాక్ష తీగ మీద జరిగిందట. యోహాను సువార్త 15వ అధ్యాయం. తాను తీగననీ, శిష్యులు కొమ్మలనీ, ఫలించని కొమ్మని తోటమాలి కత్తిరిస్తాడనీ యేసు చెబుతాడు. ఈవిడ దాన్ని మిరియాల తీగ చేసింది. కాఫీ తోటల్లో నీడకి సిల్వర్ ఓక్ చెట్లుంటాయి, వాటి మీదికి మిరియాల తీగ పాకిస్తారు. ఏ కొమ్మ ఉంచాలో ఏది కొయ్యాలో ఇక్కడి ఆడవాళ్ళ చేతులకి తెలుసు. అంతా బాగానే ఉందిగాని, డొంగర్ గురించి అడిగిన ఈ ముసలాయనే అప్పుడూ అడ్డం తగిలాడు. మిరియాల తీగ ఇంకో చెట్టుని పట్టుకుని ఎక్కుతుంది గదా, మరి ప్రభువు పట్టుకున్న చెట్టెవరు అని. మూడు తెల్లవారుజాములు దాని మీదే నడిచాయి. మూడో రోజు ఒక అమ్మాయి, పై అధ్యాయంలో తండ్రి గురించి చెప్పాడుగా, ఆ చెట్టు తండ్రే అంది. సరే అనుకున్నారు. అంతలో ఆదివారం వచ్చింది, కింద నుంచి పాస్టరుగారు వచ్చారు. ద్రాక్ష అంటే ద్రాక్షేనని, వాక్యానికి కలపకూడదు, తీయకూడదని గట్టిగానే మందలించి వెళ్ళారు. ఒక కుర్రాడు కూడా, "ద్రాక్ష మాకు తెల్దా ఏటి, సంతలో రాసులు పోస్తారు" అన్నాడట.

"మరి మీరేమన్నారు?"

"సూడ్డం వేరు, పెంచడం వేరు. పెంచినోడికి తెలస్తాది కత్తెర ఎక్కడెయ్యాలో."

పాస్టరుగారి మాటని నేను కొట్టిపారెయ్యను. అనువాదం హద్దు దాటితే గ్రంథం మీద మన బొమ్మ గీసుకోవడమవుతుంది. రేపు ఇంకో ఊళ్ళో ఇంకొకరు తీగని కల్లు తీసే జీలుగు చెట్టు చేస్తే? ఆ భయం న్యాయమైనదే. అందుకే ఆవిడ తెలుగు వచనాన్ని ముందు ఉన్నదున్నట్టు చదువుతుంది, అక్షరం మింగదు. తర్వాతే తిప్పుతుంది. విన్నవాళ్ళకి రెండూ చెవిలో ఉంటాయి. నన్ను మండించింది ఆ మందలింపు కాదు. నేను చూసిన నాలుగు మందిరాల్లోనూ మాట్లాడిన పెద్దలంతా ఈ తిప్పడాన్ని ఒక నిచ్చెనలా చూస్తున్నారు. పిల్లలు బడికెళ్తున్నారు, తెలుగు వచ్చేస్తోంది, ఇంక దీని అవసరం ఉండదు అని. అది వాళ్ళకి శుభవార్త.

ఈ మాట తెలుగువాళ్ళ నోట రావడం దగ్గరే నాకు కడుపు మండుతుంది. తెలుగు బైబిలు ఎక్కణ్ణించి వచ్చింది? ఈ కొండ దిగితే తగిలే విశాఖపట్నం నుంచే. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ అక్కడికొచ్చి తెలుగు నేర్చుకోవడానికి కూర్చున్నారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు పక్కన కూర్చుని, ఈ మాట కాదు ఆ మాట అని దిద్దాడు. క్రాన్ 1809లో, డెగ్రాంజ్ 1810లో పోయారు. వాళ్ళ పని మత్తయి, మార్కు, లూకా సువార్తలుగా 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది. జనానికి ఇంగ్లీషు వచ్చేదాకా ఆగుదాం, అప్పుడు చదువుకుంటారులే అని వాళ్ళు అనుకోలేదు. అనుకుని ఉంటే తెలుగులో ప్రార్థనే ఉండేది కాదు. మన భాషకి అప్పుడు దక్కిన ఆ మర్యాద, మన వంతు వచ్చేసరికి పక్క భాషకి ఇవ్వడానికి చేతులు రావడం లేదు.

మర్యాద చేసినవాళ్ళు లేకపోలేదు. సాలూరులో ఉన్న జర్మన్ మిషనరీ షుల్జే 1911లో కువి భాషకి వ్యాకరణం అచ్చువేశాడు. మన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో సవర నేర్చుకుని, సవర పిల్లలకి సవరలోనే పాఠాలుండాలని సొంత డబ్బు ఖర్చు పెట్టాడు. 1931లో ఆయన సవర భాషా గ్రంథం వెలువడింది. పుస్తకంలో వాడుక తెలుగు ఉండాలని పండితులతో పోట్లాడినదీ, కొండ పిల్లవాడికి కొండ భాషలో చదువు చెప్పాలన్నదీ ఒక్క మనిషే. మనం మొదటి గిడుగుకి విగ్రహాలు కట్టి రెండో గిడుగుని మరిచిపోయాం. ఈ లోయలో మాట్లాడే ఆదివాసీ ఒరియాకి కూడా ఊవే గుస్టాఫ్‌సన్ కూర్చిన నిఘంటువు ఉంది. 1989లో మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థ వేసింది. పక్కన తెలుగు అర్థాలు కూడా ఉన్నాయి. ఆవిడ దాన్ని ఎప్పుడూ చూడలేదు.

బడి సంగతి నా మిత్రుడికి తెలుసు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకి బోధన మొదలుపెట్టారు. సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, కోయ, గోండి, కొలామి, బంజారా. తెలుగు లిపిలోనే వాచకాలు. మొదటిరోజు బళ్ళో తన ఇంటి మాట విని, గుమ్మం దగ్గర ఏడుస్తున్న పిల్ల లోపలికొచ్చి కూర్చున్న సంగతి అతను ఇప్పటికీ చెబుతాడు. కానీ వాచకం ఒక్కటీ చాలదు, ఆ బాస వచ్చిన పంతులు కావాలి. ఏజెన్సీ బళ్ళలో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో నంబరు 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషను రాజ్యాంగం ఒప్పదంది. దాని న్యాయం సంగతి లాయర్లు తేల్చుకుంటారు. పిల్లవాడి నోటి బాస తెలిసిన మనిషి బళ్ళో ఉంటాడా అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది. గుళ్ళోనూ బళ్ళోనూ కొండ బాస గుమ్మం బయటి చెప్పుల్లాగే ఉంటోంది.

ఇప్పుడు ఇంకొకటి వచ్చింది. ఆ తెల్లవారుజామున ప్రార్థన మధ్యలోనే కాఫీ బుట్టల అమ్మాయి ఫోను మోగింది. రోజూ ఆ వేళకి వచ్చే సందేశం. పట్నంలో పేరున్న ప్రసంగీకుడి గొంతు, వెనక వయొలిన్లు, ఈ రోజు వాగ్దానం ఇదీ అని. మూడు నిమిషాల్లో పఠనం, ధ్యానం, ప్రార్థన అన్నీ అయిపోయి ఆమెన్ కూడా వాళ్ళే చెప్పేస్తారు. పార్సిలు భోజనంలా. నాకు ఒళ్ళు మండి ఆవిడ వైపు చూశాను. ఆవిడకి కోపం రాలేదు.

"ఆయన బాగానే సెప్తాడు బాబూ. మా అబ్బాయి విశాఖలో మేస్త్రీ దగ్గర పని సేస్తన్నాడు. ఆడికి పొద్దున్నే లేపి వాక్యం ఎవరు సెప్తారు? ఆ ఫోనే సెప్తాది. కానీ ఒకటే. ఆపి అడగడానికి నేదు."

ఆపి అడగడానికి లేదు. నేను రెండు పేజీల్లో చెప్పాలనుకున్న ఫిర్యాదు అంతా ఆ మూడు మాటల్లో అయిపోయింది.

పొయ్యి దగ్గర ముసలాయన అలా ఆపి అడిగినదానికే మళ్ళీ వస్తాను. ఏ డొంగర్? తెలుగులో కొండ అంటే కొండే. ఆ బాసలో డొంగర్ అంటే కొండా, కొండవాలు మీద పోడు కొట్టి చోళ్ళు, సామలు, కందులు చల్లే చెక్కా రెండూను. డొంగర్ వైపు కళ్ళెత్తడమంటే వాన కోసం చూడడం, పంట కోసం చూడడం, పందులు పడ్డాయేమోనని చూడడం. ముసలాయన డొంగర్‌లో కొంతకి 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చింది, కొంతకి రాలేదు. "నాను రోజూ అటే సూస్తన్నాను" అన్నాడు, ఈసారి నాకోసం తెలుగులో. "సాయం అట్నించి వస్తాదని రాసుంటే తప్పు రాసినట్టే."

ఆవిడ వేలు రెండో వచనం మీదికి జరిగింది. చదివింది. సాయం కొండ నుంచి రాదు, కొండని చేసినవాడి దగ్గర్నుంచి వస్తుందని కదా అక్కడ ఉన్నది. ఈ మొదటి వచనం మీద పండితులు చాలాకాలంగా తలలు పట్టుకున్నారు. భక్తుడు ఆశతో చూస్తున్నాడా, యాత్ర దారిలో దొంగలుంటారని భయంతో చూస్తున్నాడా అని. ముసలాయన రెండూ ఒప్పుకున్నాడు. కొండ అంటే ఆశ, కొండ అంటే భయం. గాలికొండ మీద బాక్సైట్ ఉందని ఎన్నిసార్లు కొలతలకి మనుషులు రాలేదు? గనుల కోసం గిరిజన భూమిని గిరిజనేతరులకి లీజుకివ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో చెప్పింది. ఆ కేసు పుట్టింది ఇక్కడికి దగ్గర్లోని అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలోనే. కోర్టు పేరూ కేసు పేరూ ఆయన ఎత్తలేదు. "బొర్రావోళ్ళు గెలిసినారు" అన్నాడు, కీర్తనకి కొనసాగింపు అన్నట్టు.

కీర్తన చివరికొచ్చేసరికి మంచు పల్చబడింది. దేవుడు కుడిపక్కన నీడగా ఉంటాడని, ఎండదెబ్బ తగలదని అందులో ఉంది. ఆ చలిలో ఎండ పేరెత్తితే ఎవరో నవ్వారు. ఆవిడ నీడ అన్నదాన్ని కాఫీ మొక్క మీది సిల్వర్ ఓక్ నీడ చేసింది. ఇక ఎవరూ ఏమీ అడగలేదు. బుట్టల అమ్మాయిలు తలూపారు. తర్వాత ప్రార్థన ఒక్క నిమిషం. ముసలాయన పట్టా, ఎవరికో జ్వరం, విశాఖలో ఉన్న కొడుకు, పేరు తెలియని కారణంగా "వచ్చిన బాబు". ఆమెన్. అంబలి గిన్నెలు తిరిగాయి.

ఆవిడ తర్వాత ఎవరు తిప్పుతారని అడిగాను. ఆ అమ్మాయిల్లో ఒకరికి వస్తుందేమో అంది. రావచ్చు. డిగ్రీ చదువుతోంది, తెలుగు నాకంటే శుభ్రంగా రాస్తుంది. కానీ ఆ పిల్ల తన బాస మాట్లాడేటప్పుడు నేనున్నానని గొంతు తగ్గించడం గమనించాను. అలా తగ్గించడం ఆ పిల్లకి ఎవరు నేర్పారో నాకు తెలుసు. నాలాంటివాళ్ళమే.

బయల్దేరుతుంటే ఆవిడ నా నోటు పుస్తకం కేసి చూసింది.

"ఇదంతా తెలుగులోనే రాస్తారు గదా?"

"అవునమ్మా."

"అయితే ఇప్పుడు మీరు తిప్పాల. ముసలాయన మాట ఏటని రాసినారు, సదవండి."

చదివాను. నాను రోజూ కొండ వైపే చూస్తున్నాను అని రాసుకున్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ముసలాయన కూడా ఊపాడు. కొండ కొట్టేసి పొలం అని రాశాను. కాదన్నారు. పోడు అన్నాను. అది కొట్టేది గాని చూసేది కాదన్నారు. అడవి అన్నాను. పక్కనున్న పిల్లలు కూడా నవ్వారు. కింద జీపు హారన్ కొడుతోంది. సంతకి వెళ్ళే జీపు, మళ్ళీ మధ్యాహ్నం దాకా ఇంకొకటి లేదు. అయినా ఎక్కలేదు. పొయ్యి పక్కనే మళ్ళీ కూర్చుని, కలం మూత తీశాను.